మద్రాసు నుంచి నేటాల్‌కి, కాకినాడ నుంచి రంగానికి: పొగ ఓడ ఎక్కిన మనవాళ్ళ పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

కళింగతీరం (సోమవారం, ఉదయం 8:40)

అందరికీ నమస్కారం. మా ముత్తాతగారి అన్న ఒకాయన 1890ల చివర్లో ఊరు వదిలి ఓడెక్కి వెళ్ళిపోయారు. మాది టెక్కలి దగ్గర పల్లె. ఇంట్లో అందరూ "రంగం పోయాడు" అనే చెబుతారు, అంటే బర్మాలోని రంగూన్. మా నాన్నగారి మేనత్త ఒక్కావిడ మాత్రం రంగం కాదు, చెరకు తోటల దేశం, నేటాలు (ఇప్పటి దక్షిణాఫ్రికాలోది) అని గట్టిగా అనేవారట. ఆయన దగ్గర నుంచి ఒక్కసారి డబ్బు వచ్చింది. తర్వాత కబురు లేదు. పేరు అప్పలస్వామి, తండ్రి పేరు కూడా మాకు తెలుసు.

శ్రీకాకుళం జిల్లా అనీ, మా ఇంటిపేరుతోనూ ఎంత వెతికినా ఏమీ రావడం లేదు. ఆ రోజుల్లో ఓడల్లో వెళ్ళినవాళ్ళ పేర్లు ఎవరైనా రాసి ఉంచారా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతదస్త్రం (సోమవారం, ఉదయం 10:15)

ముందు జిల్లా సంగతి. 1890లలో శ్రీకాకుళం జిల్లా లేదండి. అది 1950లో వచ్చింది. అప్పట్లో టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం అన్నీ గంజాం జిల్లా. పాలకొండ వైపు అయితే విశాఖపట్నం జిల్లా. 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు గంజాం అటు వెళ్ళి, ఈ దక్షిణపు తాలూకాలు విశాఖలో కలిశాయి. కాబట్టి మీరు గంజాం అని వెతకాలి. శ్రీకాకుళం పట్టణం పేరు దస్త్రాల్లో చికాకోల్ అని ఉంటుంది.

మిగతావాళ్ళకీ పనికొస్తుందని చెబుతున్నాను. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, అంతకుముందు చాలాభాగం కృష్ణా జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911 నుంచి. దానికి ముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటులో భాగం. ఇప్పటి పటం ముందు పెట్టుకుని వెతికితే సగం మంది దొరకరు.

ఇక అసలు ప్రశ్న. ఆయన నేటాల్ వెళ్ళి ఉంటే పేరు దొరికే అవకాశం చాలా ఎక్కువ. రంగం వెళ్ళి ఉంటే దాదాపు లేదు. కారణం చట్టంలో ఉంది. 1883 నాటి వలస చట్టం ప్రకారం విదేశానికి ఒప్పందం మీద వెళ్ళే ప్రతి కూలీనీ అతన్ని చేర్చుకున్న జిల్లాలోనే అధికారి ముందు నమోదు చేయించాలి. తర్వాత మద్రాసు డిపోకి, అంటే ఓడ ఎక్కేదాకా కూలీలను ఉంచే చోటికి తీసుకెళ్ళి, డాక్టరు చూసి, పేరు ఓడ జాబితాలో రాసేవారు. బర్మా సంగతి వేరు. దిగువ బర్మా 1852 నుంచీ, ఎగువ బర్మా 1886 నుంచీ బ్రిటిష్ ఇండియాలోనే ఉంది. 1937 దాకా విడిపోలేదు. అందుకని కాకినాడలో రంగం ఓడెక్కినవాడు చట్టం దృష్టిలో వలస పోతున్నవాడు కాడు, ఒక రేవు నుంచి ఇంకో రేవుకి టికెట్ కొనుక్కున్న ప్రయాణికుడు. 1887లో ప్రయాణికుల ఓడల చట్టం ఒకటి వచ్చింది కానీ, అది చూసింది ఓడలో ఎంతమందిని ఎక్కించవచ్చన్న సంగతి. ఎవరు ఎక్కారో, ఏ ఊరివాళ్ళో ఎవరూ రాయలేదు.

రంగం_మనవరాలు (సోమవారం, మధ్యాహ్నం 1:05)

పాతదస్త్రం గారు చెప్పింది చదివితే మనసు బరువెక్కింది. మా అమ్మమ్మ తరఫు వాళ్ళు మూడు తరాలు రంగంలో బతికారు. మొదట వెళ్ళినాయన ఏ ఏడు వెళ్ళాడో చెప్పే కాగితం ముక్క కూడా మా దగ్గర లేదు.

ఆ ప్రయాణం గురించి మాత్రం కొంత చెప్పగలను. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు గోపాలపురం, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో ఆగేవి. ఆగడం అంటే ఒడ్డుకి రావడం కాదు. కాకినాడలో నీళ్ళు లోతు తక్కువ కాబట్టి ఓడ కొన్ని మైళ్ళ దూరంలో లంగరు వేసేది, జనం పడవల్లో వెళ్ళి ఎక్కాలి. కళింగపట్నం లాంటి చోట అలల్ని దాటాలంటే మసూలా పడవే గతి. దాని చెక్కలకి మేకులు ఉండవు, కొబ్బరి పీచు తాడుతో కుట్టి ఉంటాయి. మేకులు కొట్టిన పడవ ఆ కెరటాల దెబ్బకి విచ్చిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. చంటిపిల్లలతో ఆడవాళ్ళు ఆ పడవల్లోంచి పొగ ఓడ మీదికి ఎక్కేవాళ్ళు.

డెక్ టికెట్ అంటే పైకప్పు లేని చోటు. వాన వస్తే టార్పాలిన్, ఎండైతే అదీ లేదు. నాలుగైదు రోజుల్లో రంగూన్. అక్కడ బియ్యం మిల్లులు, రేవులో మూటలు మోయడం, రిక్షాలు లాగడం, పాయిఖానాలు ఎత్తడం. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరప్ దారి దగ్గరైంది, మిల్లులు పెరిగాయి. ఆ మిల్లుల్లో మూటలు మోసినవాళ్ళలో ఎక్కువమంది మన కోస్తావాళ్ళే. కోరింగీలు అనేవారు మనల్ని. ఇంత పని చేసినవాళ్ళకి జాబితాలో పేరు కూడా లేకపోవడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

డర్బన్_ప్రవాసి (సోమవారం, సాయంత్రం 6:30)

నేను గుంటూరు వాణ్ణి, ఉద్యోగరీత్యా డర్బన్‌లో ఉంటున్నాను. నేటాల్ జాబితాల గురించి నేను చెబుతాను.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అది తెరచాప ఓడ, దానికి ఐదు వారాలు పట్టింది. అక్కడి నుంచి 1911 దాకా నేటాల్‌కి వచ్చిన ఒప్పంద కూలీలు సుమారు 1,52,000 మంది. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. 1890లకి వచ్చేసరికి ఆవిరి ఓడలే: ఉమ్‌జింటో, ఉమ్‌లాజీ, ఉమ్‌ఫూలీ లాంటివి. బుల్లార్డ్ కింగ్ కంపెనీ వాళ్ళు నేటాల్ నదుల పేర్లు పెట్టేవారు. ప్రయాణం మూడు వారాలకి అటూ ఇటూగా తగ్గింది.

దిగిన ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబరు ఇచ్చేవారు. పసిపిల్లలకి కూడా. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, ఏ యజమానికి అప్పగించారో రాశారు. ఆ పుస్తకాలన్నీ మిగిలాయి. క్వాజులూ-నేటాల్ విశ్వవిద్యాలయం వాళ్ళ గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది.

కళింగతీరం గారూ, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ పుస్తకంలో ఇంటిపేరుకి గడి లేదు. ఇంటిపేరుతో వెతకడం మానేయండి. ఇక్కడ ఇప్పుడు అప్పల్‌సామి అనేది కుటుంబం పేరు. ఒకప్పుడు ఓడ దిగిన ఎవరో అప్పలస్వామి సొంత పేరు పిల్లలకి ఇంటిపేరుగా మిగిలిపోయింది. ఇక్కడి తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. భాష పోయినా పండగలూ పెళ్ళి తంతులూ నిలుపుకున్నారు. వాళ్ళలో చాలామంది మీకు ఎదురుగా ఇదే పని చేస్తున్నారు: నంబరు చేతిలో ఉంది, ఊరు ఎక్కడో తెలియదు.

ఎర్రమట్టి (సోమవారం, రాత్రి 9:20)

చర్చ బాగుంది కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. జాబితా ఉండటం అదృష్టం అన్నట్టు మాట్లాడుతున్నాం. ఒంటి మీద మచ్చలు ఎందుకు రాశారు? పారిపోతే పట్టుకోవడానికి. యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా తోట దాటితే అరెస్టు చేసే చట్టం నేటాల్‌లో ఉండేది. మద్రాసు డిపోలో నంబరు కొట్టిన తగరపు బిళ్ళ మెడలో వేసేవారు. ఓడలో ఒక్కో పెద్దమనిషికి లెక్కగట్టిన చోటు 72 ఘనపుటడుగులు, అంటే పడుకోవడానికి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు.

జీతం మొదటి ఏడాది నెలకి పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెరిగి ఐదో ఏడు పద్నాలుగు. ఆడవాళ్ళకి అందులో సగం. 1895లో ఇంకో చట్టం చేశారు. ఐదేళ్ళ ఒప్పందం అయ్యాక మళ్ళీ ఒప్పందం రాయకుండా, ఇండియాకి తిరిగిపోకుండా అక్కడే ఉండాలంటే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. ఐదో ఏడాది జీతంతో లెక్కేసినా నాలుగు నెలల పైచిలుకు సంపాదన. ఇంట్లో భార్యకీ, పదమూడు దాటిన ఆడపిల్లకీ, పదహారు దాటిన మగపిల్లాడికీ విడివిడిగా కట్టాలి. 1913 సమ్మె తర్వాత, 1914లో గానీ అది రద్దు కాలేదు. కళింగతీరం గారి పెద్దాయన 1890ల చివర్లో నేటాల్ చేరి ఉంటే సరిగ్గా ఈ పన్ను కింద పడ్డవాడే. ఒక్కసారే డబ్బు రావడానికి కారణం అక్కడ వెతకండి.

వీళ్ళని మోసం చేసి తీసుకెళ్ళారు. అది మొదటి వాక్యంగా చెప్పాలి, జాబితాల సంగతి తర్వాత.

పాతదస్త్రం (సోమవారం, రాత్రి 10:50)

ఎర్రమట్టి గారూ, పన్ను గురించీ చీటీల గురించీ మీరు చెప్పిన ప్రతి మాటా నిజం. ఏజెంట్లు అబద్ధాలు చెప్పిన మాటా నిజం. కానీ "మోసం చేసి తీసుకెళ్ళారు" అని ఒక్క మాటలో ముగిస్తే ఆ మనుషులకి బుద్ధీ ఆలోచనా లేనట్టు అవుతుంది. 1888-89లో గంజాంలో కరువు. మళ్ళీ 1896-97లో గంజాం, విశాఖ రెండింటిలోనూ కరువు. ఊళ్ళో భూమి లేదు, అప్పు ఉంది. నేటాల్ వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు ఉండేవారు, వాళ్ళలో కొందరు మళ్ళీ వెళ్ళారు, తమవాళ్ళని కూడా తీసుకెళ్ళారు. ఏం తెలిసి వెళ్ళారో, ఏం తెలియక వెళ్ళారో మనిషి మనిషికీ వేరు.

రంగం విషయంలో ఇది ఇంకా స్పష్టం. అక్కడ సర్కారు ఏజెంటు లేడు, మేస్త్రీ ఉన్నాడు. సాధారణంగా మన వైపువాడే. అడ్వాన్సు ఇచ్చి, ఓడ టికెట్ కొని, అక్కడి జీతంలోంచి కోసుకునేవాడు. మిల్లుల సీజన్‌కి వెళ్ళి, డబ్బు మిగిలితే వెనక్కి వచ్చి, మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు.

ఎర్రమట్టి (మంగళవారం, ఉదయం 7:10)

కరువులో ఆకలితో ఉన్నవాడు వేలిముద్ర వేస్తే దాన్ని ఇష్టం అనడానికి నా మనసు ఒప్పుకోదు సార్. అడ్వాన్సు తీరేదాకా మేస్త్రీ చెప్పిన చోటే పనిచేయాలి. ఓడ మీద పేరు రాసినా రాయకపోయినా కట్టేసింది అప్పే.

రంగం_మనవరాలు (మంగళవారం, ఉదయం 9:45)

ఆకలితో వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, ఊళ్ళో అగ్రకులాల ముందు చేతులు కట్టుకుని నిలబడలేక వెళ్ళినవాళ్ళూ ఉన్నారు అన్నయ్యా. మా ఇంట్లో రెండో మాటే చెబుతారు. రంగంలో కూలి కూలే, కానీ సాయంత్రం వీధిలో చెప్పులేసుకుని నడిచేవాళ్ళమని అమ్మమ్మ అనేది. ఆ మాట ఏ చట్టంలోనూ ఏ జాబితాలోనూ కనపడదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జెర్సీ_సుబ్బారావు (మంగళవారం, సాయంత్రం 5:00)

నేను ఉండేది ఎల్లిస్ ద్వీపానికి దగ్గర్లో. న్యూయార్క్ రేవులో ఒకప్పుడు వలస వచ్చినవాళ్ళని దించిన చోటు అది. అక్కడి మ్యూజియంకి తరచూ వెళ్తుంటాను. మీ చర్చ చదువుతుంటే ఒక పోలిక తట్టింది.

1892 జనవరి 1న ఎల్లిస్ ద్వీపం తెరిచారు. నెవాడా అనే ఓడలో ఐర్లండ్ నుంచి వచ్చిన ఆనీ మూర్ అనే అమ్మాయి పేరు మొదట నమోదైంది. అంతకుముందు, 1855 నుంచి 1890 దాకా కాసిల్ గార్డెన్ అనే చోట దించేవారు. అక్కడి అధికారులు వచ్చినవాళ్ళ పేర్లు మార్చేశారని అమెరికాలో చాలా కుటుంబాలు చెప్పుకుంటాయి. నిజానికి అధికారి చేతిలో ఉండేది ఓడవాళ్ళు తెచ్చిన జాబితా. అది ఎక్కిన రేవులోనే రాసింది. పేరు తప్పు పడితే హాంబర్గ్‌లోనో లివర్‌పూల్‌లోనో పడింది. మీ అప్పలస్వామి గారి పేరూ డర్బన్‌లో కాదు, మద్రాసు డిపోలోనే ఎవరో గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాసి ఉంటాడు. తెలుగు తెలియని గుమాస్తా అయితే ఎలా రాసి ఉంటాడో ఊహించి, అన్ని రకాలుగా వెతకండి.

ఇంకొక తేడా నన్ను చాలా ఆలోచింపజేసింది. అమెరికాలో 1885లో చేసిన చట్టం ప్రకారం ముందే పని ఒప్పందం చేసుకుని వచ్చిన కూలీని దిగనివ్వకూడదు. అధికారి "నీకు పని ఖాయమైందా" అని అడిగితే అవునన్నవాడు ఇబ్బందుల్లో పడేవాడు. నేటాల్‌లో సరిగ్గా తిరగేసి ఉంది. ఒప్పందం ఉన్న భారతీయుడికి దారి ఉంది. సొంత డబ్బుతో వచ్చినవాడిని ఆపడానికే తంటాలు పడ్డారు.

డర్బన్_ప్రవాసి (మంగళవారం, రాత్రి 8:15)

సుబ్బారావు గారూ, మీ చివరి మాటకి డర్బన్ రేవులోనే పెద్ద సాక్ష్యం ఉంది. 1896 డిసెంబరు 18న బొంబాయి నుంచి కూర్లండ్, నాదిరీ అనే రెండు ఆవిరి ఓడలు వచ్చి బయట లంగరు వేశాయి. రెండింటిలో కలిపి సుమారు 800 మంది, చాలామంది టికెట్ కొనుక్కుని వచ్చిన ప్రయాణికులు. గాంధీ గారు కుటుంబంతో కూర్లండ్‌లో ఉన్నారు. బొంబాయిలో ప్లేగు ఉందని క్వారంటైన్ పెట్టారు. మొదట ఐదు రోజులన్నారు, పొడిగిస్తూ పోయి 23 రోజులు చేశారు. ఈలోగా ఊళ్ళో తెల్లవాళ్ళు సభలు పెట్టి, వీళ్ళని దిగనివ్వం, వచ్చిన ఓడల్లోనే తిప్పి పంపండి అని గొడవ చేశారు. రేవు దగ్గర పెద్ద గుంపు చేరింది. అటార్నీ జనరల్ ఎస్కోంబ్ వచ్చి గుంపుని పంపించాకే జనవరి 13న జనం దిగారు. సాయంత్రం దిగిన గాంధీ గారిని వీధిలో కొట్టారు. పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండర్ గారి భార్య గొడుగు అడ్డం పెట్టి కాపాడిన సంగతి అందరికీ తెలిసిందే.

ఆ 1897లోనే నేటాల్ వలస నియంత్రణ చట్టం చేసింది. సొంతంగా వచ్చేవాడికి ఏదైనా యూరప్ భాషలో రాయడం రావాలి. చెరకు తోటలకి వచ్చే ఒప్పంద కూలీలకి ఆ పరీక్ష లేదు. అదే రేవు, అదే సముద్రం. చేతులు కావాలి, మనిషి వద్దు. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది.

రేవు గురించి ఇంకో సంగతి. డర్బన్ హార్బరు మొగలో ఇసుక మేట ఉండేది. పెద్ద ఓడలు లోపలికి రాలేక బయట ఊగుతూ నిలబడేవి. జనాన్ని చిన్న పడవల్లోకి దించి తెచ్చేవారు. మేట తవ్వితవ్వి, 1904లో గానీ ఆర్మడేల్ కాసిల్ అనే పెద్ద మెయిల్ ఓడ లోపలికి రాలేకపోయింది. కాబట్టి మన కోస్తా రేవుల కష్టమే వీళ్ళకి అక్కడా ఎదురైంది.

గౌరి_వి (బుధవారం, ఉదయం 11:30)

ఇంతసేపూ పెద్దాయన్నే వెతుకుతున్నాం. ఆయన ఒక్కరే వెళ్ళారా, పెళ్ళయిందా అని ఎవరూ అడగలేదు. నూరుమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళు ఉండాలన్న నిబంధన ఉండేది. ఆ లెక్క తేలక ఓడ ఆగిపోయే పరిస్థితి వస్తే, డిపోల దగ్గర ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళని చేర్చుకోవడానికి ఏజెంట్లు తిరిగేవారు. వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, అత్తింటి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు ఉండేవారు. డిపోలోనే జతకట్టి భార్యాభర్తలుగా ఓడెక్కినవాళ్ళూ ఉన్నారు. మన ఇళ్ళలో "మా తాతగారి అన్న ఓడెక్కాడు" అని కథ మిగులుతుంది. ఓడెక్కిన మేనత్త గురించి మాట్లాడటం మానేశారు. జాబితాలో ఆమెకి కూడా ఒక నంబరు ఉంది, ఎత్తు ఉంది, ఊరు ఉంది. మీ ఊరి పేరు దొరికితే ఆ పేజీలో ఆడవాళ్ళ వరసలు కూడా చదవండి దయచేసి.

కళింగతీరం (బుధవారం, రాత్రి 9:55)

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. గౌరి గారూ, మీ ప్రశ్న ఇంట్లో అడిగాను. ఆయనకి పెళ్ళయిందట. భార్య ఊళ్ళోనే ఉండిపోయి, కొన్నేళ్ళకి పుట్టింటికి వెళ్ళిపోయిందట. ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు.

పాతదస్త్రం గారూ, ఇంకొక్క సందేహం. టెక్కలి నుంచి మద్రాసు దాకా అప్పట్లో ఎలా వెళ్ళేవారు? అంత దూరం తీసుకెళ్ళేవారా నిజంగా, లేక మా వైపు వాళ్ళందరూ రంగమే వెళ్ళేవారా?

పాతదస్త్రం (గురువారం, ఉదయం 8:20)

తీసుకెళ్ళేవారండి. నేటాల్ జాబితాల్లో గంజాం, విశాఖ జిల్లాలవాళ్ళు చాలామంది ఉన్నారు. 1890ల మధ్యకి మీ వైపు తూర్పు తీరపు రైలు మార్గం వచ్చేసింది. గోదావరి మీద వంతెన మాత్రం 1900లో తెరుచుకుంది. అంతకుముందైతే రాజమండ్రి దగ్గర నది దాటి అవతల మళ్ళీ రైలెక్కాలి, లేదా తీరం వెంట ఓడలో మద్రాసు చేరాలి. రంగం దగ్గర, టికెట్ చవక, అందుకే మీ ఊళ్ళలో ఎక్కువమంది అటే వెళ్ళారు. మీ నాన్నగారి మేనత్త చెరకు తోటలని ప్రత్యేకంగా చెప్పారు చూడండి, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రంగం వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో బియ్యం మిల్లుల మాట, రేవు మాట వినిపిస్తుంది, చెరకు మాట కాదు.

ఇలా చేయండి. జిల్లా గంజాం పెట్టి, 1896 నుంచి 1902 దాకా మద్రాసు ఓడలు చూడండి. సొంత పేరుతో కాదు, తండ్రి పేరుతో మొదలుపెట్టండి. అప్పలస్వామి పేరు గలవాళ్ళు వందల్లో ఉంటారు, తండ్రి పేరు కలిసేవాళ్ళు కొద్దిమందే. తాలూకా గడిలో టెక్కలి లేకపోతే చికాకోల్ చూడండి. అతన్ని వేరే జిల్లాలో చేర్చుకుని ఉంటే నమోదు అక్కడ జరుగుతుంది కానీ, సొంత ఊరు గడి వేరుగా ఉంటుంది. చివర్లో రిమార్కుల గడి వదలకండి. తిరిగి వెళ్ళినవాళ్ళకీ, చనిపోయినవాళ్ళకీ చాలాచోట్ల అక్కడే రాశారు.

డర్బన్_ప్రవాసి (గురువారం, ఉదయం 10:05)

తండ్రి పేరు, ఊరి పేరు నాకు మెసేజ్‌లో పంపండి. శనివారం సెలవు, సెంటర్‌లో కూర్చుని చూస్తాను. యజమాని పేరు కూడా దొరికితే అది ఉత్తర తీరం తోటో దక్షిణ తీరం తోటో తెలుస్తుంది. అక్కడి సభవాళ్ళని నేరుగా అడగవచ్చు.